తాళం చూసినందుకు 2,800

అమరావతి మ్యూజియానికి శుక్రవారం సెలవు. విజయవాడ బస్టాండు దగ్గర మేం దిగిన లాడ్జి కౌంటర్లో కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను. గురువారం రాత్రి కారు మాట్లాడేటప్పుడు మా ఆవిడ అడిగింది కూడా, "రేపు తెరిచే ఉంటుందా బాబూ?" అని. "ఎందుకుండదమ్మా! మ్యూజియం, గుడి, ఉండవల్లి గుహలు అన్నీ కలిపి 2,800" అన్నాడు. డబ్బు ముందే తీసుకున్నాడు.

పొద్దున పది గంటలకు వెళ్లి చూస్తే గేటుకు తాళం. "శుక్రవారం కదండీ" అన్నాడు వాచ్‌మన్, రోజూ మాలాంటి వాళ్లను చూసే విసుగుతో. డ్రైవరు ఫోన్లో తల దూర్చాడు. మా ఆవిడ తిట్టినా బాగుండేది, తిరిగొచ్చేదాకా నోరు విప్పలేదు. అమరేశ్వరుడి దర్శనం ఒక్కటే దక్కింది. గుహలకు ఎండలో ఎక్కే ఓపిక ఎవరికీ లేకపోయింది. సాయంత్రం కౌంటర్లో అడిగితే "కారు తిరిగింది కదా సార్" అన్నాడు. రోజుకు 1,600 గదిలో వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు దాకానే. ఆ సంగతి కూడా ముందు చెప్పలేదు.

ఇంత హడావుడీ మా మేనకోడలి కోసం. ఇంగ్లండులో స్టోక్ అనే ఊళ్లో పింగాణీ కళ చదువుతోంది. సెలవులకు వస్తే సినిమాలకు పోకుండా "తవ్వకాల్లో దొరికినవి చూపించు మామయ్యా" అంది. పగిలిన కుండల్లో కళేమిటే అన్నందుకు కారులో నాకు పాఠం పడింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు మొత్తానికి గిట్టుబాటైంది ఆ పాఠమే.

ఆ ఊరంతా ఒకప్పుడు పింగాణీ ఫ్యాక్టరీలేనట. జోసయ్య వెడ్జ్‌వుడ్ 1769లో అక్కడ పెట్టిన ఫ్యాక్టరీకి ఎట్రూరియా అని పేరు. ఇటలీ తవ్వకాల్లో బయటపడ్డ పాత కుండలంటే అప్పట్లో దొరలకు మోజు. అవి రోమన్ల కంటే ముందు ఇటలీలో ఉన్న ఎట్రుస్కనులవని అనుకుని ఆ పేరు పెట్టుకున్నాడు, తీరా చూస్తే చాలావరకు గ్రీకు కుండలు. అంటే ఆ ఫ్యాక్టరీ పేరే తవ్వకాల్లోంచి వచ్చిందన్నమాట. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీలే తవ్వుకోవాల్సిన దిబ్బలయ్యాయి. స్పోడ్ వాళ్ల పాత ఫ్యాక్టరీ 2008లో మూతపడితే, కొన్నేళ్లకు ఆ ఖాళీ షెడ్లలోనే పింగాణీ కళా ప్రదర్శనలు పెట్టారు. నీల్ బ్రౌన్స్‌వర్డ్ అనే కళాకారుడు కుర్రతనంలో వెడ్జ్‌వుడ్‌లో పని నేర్చుకున్నవాడు. ఫ్యాక్టరీలు పారేసిన వంకర ముక్కలు, కాలి కరిగి అతుక్కుపోయిన పెంకులు ఏరి తెచ్చి బొమ్మల్లా నిలబెడతాడట. పని పోయినవాళ్ల చేతి నేర్పు ఆ ముక్కల్లో ఉందంటాడట. డ్రైవరు కూడా పాట ఆపేసి విన్నాడు.

శనివారం బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లిద్దరికీ సున్నా టికెట్టు, నా ఒక్కడికీ 70. ముందురోజు కూడా ఇలాగే రావాల్సింది. మీరూ కారు జోలికి పోకండి.

మ్యూజియం చిన్నదే, చల్లగా ఉంది. నేను బుద్ధుడి కథలు చెక్కిన పలకల దగ్గర తిరుగుతుంటే పిల్ల పూర్ణకుంభం పలక ముందు చతికిలబడి అరగంట లేవలేదు. తామరలు నిండిన కుండ, సున్నపురాతి మీద. "మట్టికుండను రాతిలో చెక్కారు మామయ్యా, పగలకుండా" అంది. ఆ మాట అన్నాక నేనూ కాసేపు నిలబడ్డాను. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ దొర ఇక్కడికి వచ్చేసరికే స్తూపం దిబ్బలోని రాళ్లు ఊళ్లో కట్టడాలకు పోతున్నాయి. మిగిలినవాటిలో మంచివి చాలా మద్రాసుకూ లండనుకూ చేరాయి. పిల్ల వాటిని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ముందే చూసేసింది. అమరావతికి ఇదే మొదటిసారి రావడం.

గుడి వీధిలో 120కి భోజనం. గోంగూర పప్పు మూడుసార్లు వడ్డించారు, మా ఆవిడ మొహం అక్కడ విచ్చుకుంది.

సాయంత్రం ఊరగాయ జాడీ కావాలని ఆవిడ వన్‌టౌన్‌కు లాక్కెళ్లింది. పైన గోధుమరంగు, కింద తెలుపు, మన ఇళ్లల్లో అటక మీద ఉండేవే. సరుకంతా గుజరాత్ నుంచి వస్తుందట. ఐదు కిలోలది 750 చెప్పి 620కి ఇచ్చాడు. ఈలోగా పిల్ల కొట్టు వెనక్కి వెళ్లిపోయింది. అక్కడ లారీలో దెబ్బతిన్న జాడీలు గుట్టగా పోసున్నాయి. మూతి విరిగిందొకటి, బట్టీలోనే వంకర తిరిగి పక్క జాడీ ముక్కను అంటించుకొచ్చిందొకటి. రెండోది రెండు చేతులతో పట్టుకుని బయటికొచ్చింది. కొట్టతను నవ్వి "ఊరికే తీసుకెళ్లమ్మా" అన్నాడు. ఊరికే వద్దని 50 చేతిలో పెట్టింది.

"పగిలిన పాత్ర ఇంట్లో ఉంచకూడదే" అని మా ఆవిడ గొణిగింది. అయినా రైల్లో దాన్ని తన శాలువాలోనే చుట్టి ఒళ్లో పెట్టుకుంది. కొత్త జాడీ మాత్రం సీటు కింద నా కాళ్ల మధ్య. తెనాలి దాటాక ఆవిడే అంది, "లాడ్జి వాడికి 2,800 ఇచ్చినా చేతికి చిప్ప కూడా రాలేదు, ఇక్కడ 50కే వచ్చింది."