తుపాకి బోరు మార్చి ఇస్తామనేవాళ్ళతో జాగ్రత్త: లైసెన్సు మనది, కేసు కూడా మనకే

ఆ తుపాకుల కొట్టు పేరు రాయను. రాస్తే పరువు నష్టం అంటూ నాకే నోటీసు పంపించే రకం. అయినా విజయవాడ, గుంటూరుల్లో లైసెన్సు తుపాకులున్న వాళ్ళం ఎంతమందిమి? ఆ కొట్టాయన అందరినీ "గురువు గారూ" అని పిలుస్తాడు, కూర్చోగానే టీ తెప్పిస్తాడు, ప్రతి ఐపీఎస్ ఆఫీసరూ తన క్లాస్‌మేటే అన్నట్టు మాట్లాడతాడు. ఇక్కడిదాకా చదవగానే మీలో సగం మందికి అర్థమైపోయి ఉంటుంది.

మాది గుంటూరు. తాతయ్య కాలం నాటి .275 బోరు (అంటే గొట్టం లోపలి కొలత) రైఫిల్, లండన్‌లో తయారైంది, మౌజర్ రకం. దీన్నే 7×57 అని కూడా అంటారు. పులుల వేటగాడు జిమ్ కార్బెట్ చేతిలో ఉండేది ఈ బోరే అని మా ఇంట్లో తరాలుగా గొప్పలు. నాన్నగారు పోయాక వారసుడిగా నా లైసెన్సులోకి వచ్చింది. "వేట నిషేధం కదా, నీకు రైఫిల్ ఎందుకు" అని అడగబోయేవాళ్ళకు ముందే చెప్తున్నా: 1972 వన్యప్రాణి చట్టం సంగతి నాకూ తెలుసు. నల్లమల వైపు పోయి పందుల్ని కొట్టే ఉద్దేశం లేదు. షూటింగ్ రేంజిలో ఎప్పుడైనా నాలుగు తూటాలు కాల్చుకుందామని, అంతే.

ఆ నాలుగు తూటాలే దొరకవు. మన ప్రభుత్వ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ సరుకులో .315 దొరుకుతుంది, .30-06 దొరుకుతుంది, .22 దొరుకుతుంది. .275 కోసం నేను అడగని కొట్టు లేదు. పాత ఇంపోర్టెడ్ రైఫిళ్ళున్న వాళ్ళందరిదీ ఇదే బాధ. తూటా లేని రైఫిల్‌కి ఐదేళ్ళకోసారి లైసెన్సు రెన్యువల్ చేయించుకుంటూ నూనె రాసి బీరువాలో పెట్టుకోవడమే.

సరిగ్గా ఈ బలహీనత మీదే ఆ పెద్దమనిషి దెబ్బ కొట్టాడు. "గురువు గారూ, దీన్ని థర్టీ నాట్ సిక్స్ (.30-06) చేసేద్దాం. బ్యారెల్ ఒక్కటి మారిస్తే చాలు. తూటాలు నా దగ్గరే తీసుకుందురు గాని" అన్నాడు. మరి లైసెన్సు సంగతేంటని అడిగాను. అడిగాను మహాప్రభో! నవ్వాడు. "రెండూ నాన్ ప్రొహిబిటెడ్, అంటే నిషేధం లేని బోరే కదండీ. .303 అయితే ఢిల్లీ దాకా పోవాలి గాని, దీనికేంటి? రైఫిల్ నంబరు మారదు కదా. స్కూటర్‌కి టైరు మార్చినట్టే. తర్వాత కలెక్టరేట్‌లో ఒక ముద్ర వేయిస్తాను, అక్కడి వాళ్ళంతా మనవాళ్ళే."

మొత్తం లక్షా ఇరవై వేలు. అడ్వాన్సులో ఇరవై వేలు మాత్రం నేను కౌంటర్ దగ్గరే ఫోన్‌లో కొట్టేశాను. మిగతాది పంపబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "మన మధ్య అవన్నీ ఎందుకండీ, క్యాష్ ఇవ్వండి." బిల్లు అడిగితే పని అయ్యాక అన్నాడు. రైఫిల్ వదిలి వెళ్తున్నట్టు రసీదు అడిగితే "నా మీద నమ్మకం లేదా గురువు గారూ" అని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆ చిన్నబోయిన ముఖం ఖరీదు లక్ష రూపాయలని అప్పుడు తెలియలేదు.

నెలలు సాగదీశాడు. ఆ కథ వదిలేయండి, మన ఊళ్ళో ఏ పనైనా అంతే. చివరికి ఇచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే కొత్త బ్యారెల్ మీద పేరు లేదు, నంబరు లేదు, ప్రూఫ్ ముద్ర (పరీక్షించామని వేసే గుర్తు) లేదు. నున్నగా ఉంది. పాత బ్యారెల్ మీద లండన్ కంపెనీ పేరు అచ్చు గుద్దినట్టు ఉండేది. పాతదేదీ అని ఫోన్ చేస్తే "అది ఇనుప ముక్కండీ, ఎక్కడో పడి ఉంటుంది, వెతికి పంపిస్తా" అన్నాడు. ఈరోజు దాకా పంపలేదు. ఇంకో సంగతి, ఇది తుపాకులు తెలిసినవాళ్ళ కోసం: .275 తూటా కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) పొడుగు 57 మిల్లీమీటర్లు, .30-06 కేసు 63. మ్యాగజైన్ పాతదే ఉంచేశాడు. పొడుగు తూటా అందులో ఎలా కూర్చుంటుందో, అంతకంటే ఎక్కువ ఒత్తిడి పుట్టే తూటాని ఆ ముసలి రైఫిల్ తట్టుకుంటుందో లేదో ఆయన చూసినట్టే లేదు. నేను అది పేల్చకపోవడం నా తల్లిదండ్రులు చేసుకున్న పుణ్యం.

ఎందుకు పేల్చలేదో చెప్తాను. అసలు ఈ పోస్టు రాస్తున్నది ఆ ఒక్క సంగతి కోసమే.

తూటాల కోసం కొట్టుకి వెళ్ళాను. ఆయన తన కుర్చీలోనే ఉన్నాడు. పక్కన ఎవరో ఇద్దరు కస్టమర్లు, బాగా డబ్బున్నవాళ్ళలాగే ఉన్నారు. కౌంటర్‌లో కుర్రాడు నా లైసెన్సు పుస్తకం తీసుకుని తిరగేసి, "సార్, ఇందులో .275 అని ఉందండీ. .30-06 తూటాలు ఇవ్వకూడదు" అన్నాడు. కుర్రాడి తప్పేమీ లేదు, వాడు చెప్పింది అక్షరాలా నిజం. పుస్తకంలో ఏ బోరు రాసి ఉంటే ఆ తూటాలే ఇవ్వాలి. నేను నవ్వుతూ ఆయన వైపు చూశాను, "మీరే చెప్పండి వాడికి" అన్నట్టు.

ఆయన పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. అంతకు ముందెప్పుడూ చూడనట్టు ఒక్కో పేజీ తిప్పాడు. తర్వాత నా వైపు చూసి, "అవునండీ, .275 రైఫిల్‌కి .30-06 ఎలా ఇస్తాం? నా లైసెన్సు పోతుంది" అన్నాడు.

ఏదో నాటకమనుకున్నాను, ఆ ఇద్దరి ముందు జాగ్రత్త పడుతున్నాడేమో అనుకున్నాను. మెల్లగా అన్నాను: "అదేంటండీ, మీరే కదా మార్చి ఇచ్చింది."

"ఏం మార్చాను?"

"బ్యారెల్."

"ఎవరండీ మీరు? ఎవరి దగ్గరో ఏదో చేయించుకొచ్చి నా మీదికి తోస్తారేంటి? మార్చడానికి నాకు పర్మిషన్ లేదు. మాది అమ్మకాల లైసెన్సు. ఇదిగో రిజిస్టర్, మీ రైఫిల్ ఇక్కడికి వచ్చినట్టు ఎంట్రీ ఉందేమో చూపించండి."

రిజిస్టర్ తిప్పి నా ముందు పెట్టాడు. ఉండదని ఆయనకు తెలుసు. రాయనిది ఎలా ఉంటుంది? నెలల తరబడి నా రైఫిల్‌ని ఎంట్రీ లేకుండా లోపల పెట్టుకున్న మనిషి, ఆ ఎంట్రీ లేకపోవడాన్నే తనకు సాక్ష్యంగా చూపిస్తున్నాడు! పక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకాయన నా వైపు దొంగని చూసినట్టు చూశాడు. "గురువు గారూ" పోయింది, "ఏవండీ మిస్టర్" వచ్చింది. చివరగా అన్న మాట వినండి: "ఎక్కువ మాట్లాడితే నేనే ఫోన్ చెయ్యాల్సొస్తుంది. అక్రమంగా బోరు మార్పించిన తుపాకి మీ ఇంట్లో ఉందని మీరే చెప్తున్నారు కదా, ఇంతమంది ముందు."

నా నోట మాట రాలేదు. ఆ రోజు టీ కూడా రాలేదనుకోండి.

మర్నాడే అడ్వకేటు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చట్టం పుస్తకం తీసి చదివి వినిపిస్తుంటే కాళ్ళు వణికాయి. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5లో తయారు చేయడం, అమ్మడం పక్కనే మార్పిడి, రిపేరు కూడా ఉన్నాయి. వీటిలో దేనికైనా లైసెన్సు కావాల్సిందే. 2019 సవరణ తర్వాత ఈ సెక్షన్ మీరితే శిక్ష ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా. ఇది ఆ కొట్టాయన మెడకు చుట్టుకోవాల్సింది కదా అని కాస్త ఊపిరి పీల్చుకున్నాను. అడ్వకేటు గారు "ఆగండి, మీ వంతు కూడా వినండి" అన్నారు. పుస్తకంలో రాసిన తుపాకి ఒకటి, చేతిలో ఉన్నది ఒకటి అయితే లైసెన్సు లేని ఆయుధం ఇంట్లో ఉన్నట్టే లెక్క కట్టొచ్చట. దానికి రెండేళ్ళ నుంచి ఐదేళ్ళు. అసలు బాంబు సెక్షన్ 8. తుపాకి మీద ఉండాల్సిన పేరు, నంబరు లేకపోతే, కాదని రుజువయ్యేదాకా, వాటిని తీసేసింది దాన్ని దగ్గర పెట్టుకున్నవాడే అని కోర్టు అనుకుంటుంది. అంటే ఆ నున్నటి బ్యారెల్‌కి జవాబు చెప్పాల్సింది ఎక్కడో టీ తాగుతూ కూర్చున్న ఆయన కాదు, నేను!

టైరు మార్చినట్టే అన్నాడని చెప్తే అడ్వకేటు గారు నవ్వి, "టైరు ఏంటండీ, ఇంజనే మార్చేశాడు. ఇంజను మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి కదా" అన్నారు. నాన్ ప్రొహిబిటెడ్ అన్న మాట వరకు నిజమేనట. .303 లాంటి నిషిద్ధ బోరు అయితే కేంద్ర హోం శాఖ దాకా పోవాలి, ఇది ఆ కోవలోకి రాదు. కానీ కొట్టాయన ఆ ఒక్క నిజం పక్కన వంద అబద్ధాలు చేర్చి అమ్మాడు. లైసెన్సు ఇచ్చేది ఫలానా రైఫిల్, ఫలానా బోరు, ఫలానా నంబరు అని రాసి. బోరు మారితే ముందు అనుమతి, తర్వాత పని. పని చేసి ముద్ర వేయించుకుందాం అనడం తలకిందుల వ్యవహారం.

అడ్వకేటు గారి సలహా మీదే రైఫిల్‌ని రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. సెక్షన్ 21 కింద అలా చేయొచ్చు. అక్కడ సీఐ గారు మర్యాదగానే మాట్లాడారు గాని, "చదువుకున్నవాళ్ళు, మీరు కూడానా" అన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. కలెక్టరేట్‌లో వివరణ ఇచ్చాను. పాత బ్యారెల్ తెమ్మన్నారు, పని చేసినవాడి ఉత్తరం తెమ్మన్నారు. రెండూ ఎవరి దగ్గరున్నాయో మీకు తెలుసు. నా చేతిలో ఉన్నవి రెండే: ఆ ఇరవై వేల ఆన్‌లైన్ పేమెంటు, 2024 ఎన్నికలప్పుడు అందరి తుపాకులూ స్టేషన్‌లో పెట్టించినప్పుడు ఇచ్చిన రసీదు. అందులో .275 అని స్పష్టంగా రాసుంది, మేకర్ పేరుతో సహా. ఆ కాగితం పారేయకుండా దాచింది మా ఆవిడ. నేనైతే ఎప్పుడో పారేసేవాణ్ణి.

తాతయ్య రైఫిల్ ఇప్పుడు స్టేషన్ మాల్‌ఖానాలో (సొత్తు భద్రపరిచే గదిలో) ఉంది. తిరిగొస్తుందో లేదో ఎవరూ చెప్పడం లేదు. లక్షా ఇరవై వేలు పోతే పోయాయి అనుకుందామన్నా, ఆ పెద్దమనిషి కొట్టు మాత్రం రోజూ తెరిచే ఉంది.

సలహా అంటారా? కొట్టువాడి లైసెన్సులో మార్పిడి అన్న మాట ఉందో లేదో కళ్ళతో చూడండి, అమ్మకం లైసెన్సు చూపించి మాయ చేస్తారు. అనుమతి కాగితం చేతికొచ్చాకే తుపాకి ఇవ్వండి. రిజిస్టర్ ఎంట్రీ మీ ముందే రాయించి ఫొటో తీసుకోండి. క్యాష్ ఇవ్వొద్దు. ఎయిర్ గన్నులు కొనే కుర్రాళ్ళు కూడా వినండి: .177 బోరు, 20 జౌల్స్ (శక్తి కొలత) లోపు పవర్ ఉంటేనే లైసెన్సు అక్కర్లేదు. దాన్ని .22 చేసిస్తాం, కిట్ ఉంది అని ఎవడైనా అంటే, అదీ ఇదే గొయ్యి. తూటాలు దొరకని పాత రైఫిల్ ఉంటే దాని మానాన దాన్ని ఉండనివ్వండి.

ఇంకొకటి. .275 బ్యారెల్ విడిగా అమ్మకానికి ఉందని, మీద లండన్ పేరు ఉందని మీకెవరైనా చెప్తే కొనకండి, బేరం కూడా ఆడకండి. వెంటనే నాకు మెసేజ్ పెట్టండి. ఏ టైమైనా పర్లేదు.