చెప్పుల్లేని పాదాలకు ఒక పెడల్ బోర్డు: నాలుగేళ్ల వాడకం తరువాత

దసరా, శివరాత్రి రోజుల్లో విజయవాడ చుట్టుపక్కల భజన బృందాలకు కీబోర్డు వాయించే నాబోటివాళ్ల కచేరీలు సగం గుడి మండపాల్లోనే జరుగుతాయి కనుక చెప్పులు మెట్ల దగ్గరే విడవాలి. కీబోర్డు ధ్వనులను కాలితో మార్చుకోవడానికి బజారులో దొరికే ఫుట్ కంట్రోలర్లలో చాలావాటిని బూటు కాలికోసమే తయారు చేసినట్టుంటుంది. ఆ సన్నటి ఉక్కు బొడిపెలను రెండు గంటలపాటు నొక్కితే మరునాటికి బొటనవేలు కమిలిపోయేది. నాలుగేళ్ల క్రితం ప్రో మైక్రో అనే, కోడ్ రాసి నడిపించుకునే ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, వీడియో గేమ్ మెషీన్లకు వాడే 30 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బటన్లు ఆరు, ఒక చెక్క పెట్టె పెట్టి నేను చేసుకున్న పెడల్ బోర్డు మీద ఇష్టం ఇప్పటికీ తగ్గకపోవడానికి కారణం ఈ ఒక్కటే: వట్టి పాదానికి అది ఎంతో హాయిగా ఉంటుంది. హాయి అన్నాను గాని, చప్పుడు లేదనలేను. మైకు దగ్గరగా ఉంటే ఆ టిక్కుమనే శబ్దం వినబడుతుంది.

మూడో ఏటి దసరాలో ఆ పెడల్ బోర్డే నన్ను దెబ్బతీసింది. అప్పట్లో ఒకే బటన్‌తో ల్యాప్‌టాప్‌లోని స్వరాలను, అంటే వీణ, వేణువు వంటి వాయిద్యాల ధ్వనులను, వరసగా మార్చుకునేవాణ్ణి. పాడుతున్న అక్క ఆలాపన అందుకోగానే వీణ నుంచి వేణువుకు మారాలని ఒక్కసారే నొక్కాను. వేణువును దాటేసి ఆ తరువాతి డ్రమ్స్ మోగాయి. ఆమె పాట ఆపి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

బటన్ లోపలి లోహపు రేకులు తాకేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరిపడతాయి, వాటిని ప్రోగ్రాము వేర్వేరు నొక్కుళ్లుగా లెక్కవేసుకుంటుంది. మొదటి తాకిడి తరువాత 5 మిల్లీసెకన్లు పట్టించుకోవద్దని రాసుకున్న కోడ్ కొత్త స్విచ్‌లకు చాలింది, అరిగిన వాటికి చాలలేదు. దాన్ని 25 చేశాను. సందేశం మొదటి తాకిడికే వెళ్లిపోతుంది కనుక వాయిద్యంలో ఆలస్యమేమీ తెలియలేదు. అయితే అసలు తప్పు "తరువాతిది" అనే ఆ పద్ధతిలోనే ఉంది. ఇప్పుడు ప్రతి బటన్ తనకు కేటాయించిన ప్రోగ్రామ్ నంబరునే, అంటే ఒక స్వరానికి గుర్తుగా ఉన్న అంకెనే, మిడి (వాయిద్యాలు, కంప్యూటర్లు సందేశాలు పంపుకునే పద్ధతి) ద్వారా పంపుతుంది, కాబట్టి ఒకే నొక్కుడు రెండుసార్లు వెళ్లినా అదే స్వరం నిలుస్తుంది. ఇందుకు నేను వదులుకున్నదీ ఉంది: మిడిలో 128 నంబర్లున్నా, నా పాదానికి ఆరే అందుతాయి, పాటకు తగిన ఆరు స్వరాలను పాటల మధ్య విరామంలో చేత్తో ఎంచుకోవలసిందే.

నేను కూర్చుని, కాలివేళ్లతోనే నొక్కుతాను. నిలబడి గిటారు వాయిస్తూ ఒంటి బరువంతా మోపే వారికి ఈ ప్లాస్టిక్ బటన్లు వాడమని చెప్పలేను, వారికి ఇనుప పెట్టె, గట్టి స్విచ్‌లే మేలేమో. సోల్డరింగ్ అలవాటు లేనివారు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. అయితే ఈ బటన్ల అడుగున ఉండే చిన్న స్విచ్‌లను (మైక్రోస్విచ్‌లను) సోల్డరింగ్ అవసరం లేకుండా, తీగలను లాగి, తిరిగి గుచ్చి మార్చుకోవచ్చు. ఇప్పుడు ప్రతి దసరాకు ముందు ఆరింటినీ మార్చేస్తున్నాను, రెండు అదనంగా కీబోర్డు సంచిలో ఉంచుకుంటున్నాను.