గని వజ్రమా, ల్యాబ్ వజ్రమా?

వజ్రాల షాపులో "కాన్‌ఫ్లిక్ట్ ఫ్రీ అండీ" (అంటే యుద్ధాల రక్తం అంటని రాయి) అనగానే తలూపేస్తాం. ఆ మాటకు ఆధారం రక్తవజ్రాల వ్యాపారాన్ని ఆపడానికి దేశాలు కలిసి పెట్టుకున్న, 2003లో మొదలైన కింబర్లీ ప్రాసెస్ అనే ఏర్పాటు. దాని సర్టిఫికెట్ దేశం దాటే ముడి రాళ్ల పార్సిల్‌కే గానీ, మన వేలికి ఎక్కే సానపట్టిన రాయికి కాదు. పైగా దాని లెక్కలో రక్తవజ్రం అంటే తిరుగుబాటుదారుల యుద్ధానికి డబ్బిచ్చేదే. 2008లో జింబాబ్వేలోని మరంగే వజ్రాల గనుల దగ్గర మనుషుల్ని చంపింది ప్రభుత్వ బలగాలే. ఆ నిర్వచనంలో వాళ్లు పడరు! సియెర్రా లియోన్‌లో మోకాలి లోతు బురదనీళ్లలో జల్లెడ పట్టే కూలీకి ఎంత ముట్టిందో కూడా ఆ కాగితం చెప్పదు.

సూరత్ ల్యాబ్ వజ్రానికి ఈ గొడవ లేదు. మీథేన్ వాయువు, పల్చటి వజ్రపు పలక, కొన్ని వారాల వేడి, అంతే. రాయి అంచున సన్నగా చెక్కిన అక్షరాల్ని భూతద్దంలో చూసి, రాయితో ఇచ్చే సర్టిఫికెట్‌తో పోల్చుకోవచ్చు. కరెంటు మాత్రం బాగా తాగుతుంది, అది బొగ్గుదైతే పొగ మన ఖాతాలోనే. తిరిగి అమ్మితే పెద్దగా రాదు, ముందే చెప్తున్నా.

అయితే అందరూ ల్యాబ్‌కి మళ్లితే ఆ జల్లెడ కూలీకి పనే పోతుంది. అందుకే నేనైతే ముందు ఏ దేశం, ఏ గని అని అడుగుతా. షాపతను నీళ్లు నమిలితే ల్యాబ్‌దే తీసుకుంటా.