మిచౌంగ్ తుఫానుకు తలదాచుకున్న షెల్టరు: మా అనుభవం

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు మా కుటుంబం రెండు రాత్రులు ఊరి తుఫాను షెల్టరులో గడిపింది. ఉప్పెన వచ్చినా నీరు అడుగు నుంచి సాగిపోయేలా కింది అంతస్తును ఖాళీగా వదిలి, ఎత్తయిన స్తంభాలపై కట్టిన ఆ భవనం ఈదురుగాలికి చెక్కుచెదరలేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసిన మా అత్తగారే అక్కడ కంటినిండా నిద్రపోయారంటే కట్టడం గురించి వేరే చెప్పనక్కరలేదు. పులిహోర, పాల ప్యాకెట్లు వేళకు అందాయి, సాంబారు మాత్రం ఉట్టి నీళ్లే.

నిర్వహణ విషయంలో అంతగా మెచ్చుకోలేను. డీజిలు నిండుకుని జనరేటరు తొలి రాత్రే ఆగిపోయింది. ఆడవారికున్న ఒక్క మరుగుదొడ్డి తలుపుకు గడియ లేకపోవడంతో, లోపలికి వెళ్లిన ప్రతిసారీ చున్నీతో కట్టుకోవలసి వచ్చింది. అన్నిటికంటే పెద్ద లోపం, వలలకూ పడవ ఇంజన్లకూ చోటు చూపకపోవడం. అప్పుచేసి కొన్న వలను ఇసుకలో వదిలి రాలేక, మా పక్కింటి మత్స్యకారుడు చీకటి పడేదాకా ఇల్లు కదలలేదు. మళ్లీ హెచ్చరిక వస్తే అక్కడికే వెళతాం, కానీ ఈసారి టార్చిలైటు, మందులు, గడియకు బదులు ఒక తాడు వెంట తీసుకువెళతాం.