చైన్ సా: పెట్రోల్‌దా, బ్యాటరీదా, మనిషిని పిలవడమా?

మొన్న కంచిలి నుంచి మా మేనత్త కొడుకు ఫోన్ చేశాడు. "చైన్ సా కొందామనుకుంటున్నా బావా, పెట్రోల్‌ది మేలా, బ్యాటరీది మేలా?" అని. ఏడాదిలో ఎన్ని రోజులు కోస్తావని అడిగాను. కాసేపు లెక్కేసుకుని, "ఎండిన జీడి కొమ్మలు, పనస కొమ్మలు, పొయ్యిలోకి కట్టెలు... మహా అయితే పది రోజులు. తుఫాను వస్తే వేరే లెక్క" అన్నాడు.

ఆ వేరే లెక్క చూసుకునే నేను 2018లో పెట్రోల్ మిషన్ కొన్నాను. ఆ ఏడాది అక్టోబర్ 11న తిత్లీ తుఫాను తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస అన్నీ పడుకున్నాయి. చెట్టు కోసేవాడు దొరకడమే గగనమైంది. కరెంటు రోజుల తరబడి లేదు. చేతికి దొరికిన 58 సీసీ, 22 అంగుళాల ప్లేటు (చైను చుట్టూ తిరిగే పొడుగాటి పట్టీ) ఉన్న మిషన్ పట్టుకొచ్చాను. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. తప్పు సగం నాదే.

పెట్రోల్ మిషన్ గొప్పతనం ఆ వారంలోనే కనిపించింది. కరెంటుతో దానికి పని లేదు. సీసాలో పెట్రోలు ఉంటే చాలు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోస్తుంది. పెద్ద పనస మాను మీద పెడితే వెన్నలో కత్తి దిగినట్టు దిగింది. రోజూ కోత మీదే బతికేవాళ్ళకి, సరుగుడు, జామాయిల్ తోటలు కొట్టేవాళ్ళకి నేటికీ ఇదే సరైన మిషన్ అంటాను.

నాలాంటివాడి దగ్గర దానికి పని చేసిన రోజులు తక్కువ, మూల పడుకున్న రోజులు ఎక్కువ. పెట్రోల్ మిషన్‌ని పాడుచేసేది ఆ పడుకోవడమే. ఇది టూ స్ట్రోక్ ఇంజిను కాబట్టి పెట్రోల్లో టూటీ ఆయిల్ కలపాలి. 50:1 అని రాసి ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఏది ఉంటే అదే కలపాలి, మెకానిక్ చేతి అందాజు పనికిరాదు. ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, ప్లగ్గుకు మసి. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడకూడదు. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు. చాలా పాత మిషన్ల పుస్తకాల్లో 10 శాతం మించొద్దని ఉంటుంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. మన సముద్రపు గాలికి ఇక చెప్పేదేముంది! ట్యాంకులో నాలుగు నెలలు వదిలేసిన పెట్రోలుతో కార్బురేటర్ లోపలి పల్చటి పొర బిరుసెక్కి, మరుసటి వేసవిలో తాడు లాగి లాగి నా భుజం పడిపోయింది కానీ మిషన్ మాత్రం లేవలేదు. అది బాగుచేయడానికి మెకానిక్ తీసుకున్న డబ్బుకి రెండు చేతి రంపాలు వచ్చేవి. పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ ఆగిపోయేదాకా తిప్పి దాచాలని నేను నేర్చుకున్నది అప్పుడే.

బ్యాటరీ మిషన్‌కి ఈ తద్దినం ఏదీ లేదు. కార్బురేటర్ లేదు, ప్లగ్గు లేదు, తాడు లేదు. ఆరు నెలల తర్వాత తీసినా మీట నొక్కితే తిరుగుతుంది. మీట వదిలితే చైను ఆగుతుంది, కాబట్టి రెండు కోతల మధ్య ఊరికే తిరిగే ఇంజిను గోల ఉండదు. పెట్రోల్‌ది చెవి పక్కన వంద డెసిబెల్స్ దాటుతుంది. చేతులకి వచ్చే అదురు కూడా దీనిలో బాగా తక్కువ. 12, 14 అంగుళాల ప్లేటు ఉన్నది మోచేయి లావు కొమ్మల నుంచి తొడ లావు దాకా హాయిగా కోస్తుంది. ఆపకుండా కోస్తే చిన్న బ్యాటరీలో ఛార్జింగ్ అరగంటకే అయిపోతుంది, అందుకని రెండోది పక్కన ఉంచుకోవాలి. ఆ రెండో బ్యాటరీ ధర చూసి మనవాళ్ళు వెనక్కి తగ్గుతారు. బ్యాటరీకి వయసు కూడా ఉంది, ఎండలో షెడ్డు రేకుల కింద పడేస్తే ఇంకా త్వరగా పోతుంది.

అన్నట్టు, కరెంటుతో కోసే చైన్ సా ఇవాళ్టి వింతేమీ కాదు. జర్మనీలో ఆండ్రియాస్ స్టిల్ 1926లో తయారుచేసిన మొదటి మిషన్ కరెంటుదే. దాదాపు 48 కిలోల బరువు, ఇద్దరు మోయాలి. ఆయన పెట్రోల్ మిషన్ మూడేళ్ళ తర్వాత వచ్చింది. తీగ గొడవ వల్లే కరెంటుది తోటల్లోకి రాలేదు, ఇప్పుడు బ్యాటరీ ఆ తీగను తీసేసింది. ఇప్పటికీ దొరికే తీగ మిషన్ల మాట ఇక్కడే తేల్చేద్దాం. ఇంటి వెనక కట్టెలు కోయడానికి చవక, అంతే. తడి నేల మీద వద్దు, ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చి) లేని లైను మీద అసలే వద్దు. కోసే చైను పక్కనే కరెంటు తీగ పాకుతుండడం నాకు మొదట్నుంచీ నచ్చదు.

ఆన్‌లైన్‌లో విరివిగా అమ్ముతున్న చిన్న మినీ సాల గురించి మాత్రం ఆగి చెప్పాలి. నాలుగు, ఆరు అంగుళాల ప్లేటు, ఒంటి చేత్తో పట్టుకునేది. ఒంటి చేత్తో పట్టుకుంటే రెండో చెయ్యి ఏం చేస్తుంది? కొమ్మను పట్టుకుంటుంది. చైను జారితే తెగేది ఆ చెయ్యే. చాలావాటికి చైన్ బ్రేకు కూడా ఉండదు. బొటనవేలంత రెమ్మలకైతే మడత చేతి రంపం చాలు, అది పొరపాటున తగిలినా చర్మంతో పోతుంది.

ఇంతకీ ప్రమాదం విషయంలో బ్యాటరీ మెతకది, పెట్రోల్ మొరటుది అనుకుంటారు చాలామంది. మా బావమరిది అయితే నా బ్యాటరీదాన్ని చూసి "ఇది బొమ్మలా ఉంది" అని లుంగీ మీదే అందుకోబోయాడు. పెట్రోల్ మిషన్లలో చైను సెకనుకు 20 మీటర్లకు పైనే పరుగెడుతుంది. బ్యాటరీది కొంచెం తగ్గినా, మాంసానికి ఆ తేడా తెలియదు. ప్లేటు ముక్కు పై సగం ఏ కొమ్మకో తగిలిందంటే మిషన్ రెప్పపాటులో ముఖం మీదికి లేస్తుంది. రెండింట్లోనూ ఇది ఒకటే. ఎడమ చేతి బొటనవేలు ముందు పిడి చుట్టూ పూర్తిగా తిరిగి ఉండాలి, అప్పుడే పిడి చేతిలో నిలుస్తుంది. మిషన్ లేచినప్పుడు ముందున్న బ్రేకు మీట పడి చైను ఆగుతుంది. కొనేటప్పుడు షాపులోనే ఆ మీట నెట్టి చూడండి. బ్రేకు లేనిది ఊరికే ఇచ్చినా వద్దు. భుజం ఎత్తు దాటి కోయొద్దు, నిచ్చెన ఎక్కి అసలు కోయొద్దు.

పెట్రోల్‌దానికి ఇంకో గండం స్టార్టింగు. గాలిలో వేలాడదీసి తాడు లాగడం మనవాళ్ళకి స్టైలు. బ్రేకు వేసి, మిషన్‌ను నేల మీద పెట్టి, వెనక పిడిలో కుడి కాలి మునివేళ్ళు దూర్చి లాగాలి. బ్యాటరీదానికి గండం ఇంకో రకం. చప్పుడు లేదు కాబట్టి ఆగి ఉందనుకుని చైను సర్దబోతారు. చైను మీద చెయ్యి పడేముందు బ్యాటరీ బయటికి రావాలి. కాళ్ళకు తొడిగే రక్షణ ప్యాంటులో పొడుగు దారాలుంటాయి, చైను తగలగానే అవి లాక్కుపోయి చైనును తిప్పే చక్రానికి చుట్టుకుని ఆపేస్తాయి. అది పెట్రోల్ మిషన్లను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. కరెంటు మోటారు పట్టు విడవకుండా లాగుతుంది కాబట్టి ఆ ప్యాంటు మీద పూర్తి నమ్మకం పెట్టుకోలేం. అయినా లుంగీ కంటే నయమే కదా. కళ్ళద్దాలు, చెవులకు మూతలు, బూట్లు రెండు మిషన్లకీ కావాల్సిందే.

ఇక నిర్వహణకొస్తే, ఇంజిను ఒక్కటి పక్కన పెడితే రెంటికీ ఒకటే చాకిరీ. మన ఇసుక నేలలో మాను కింద దుంగ పెట్టకుండా కోస్తే చైను ఒక్కసారి ఇసుకను ముద్దాడితే చాలు, పదును గల్లంతు. కోతలోంచి చెక్క పేళ్ళు రాలుతున్నంతసేపు చైను బాగున్నట్టు. మెత్తని పొట్టు రాలుతూ మిషన్‌ని నువ్వు నొక్కాల్సి వస్తుందంటే మొద్దుబారినట్టు. మొద్దుబారిన చైనే చేతిని అలిపించి ప్రమాదం తెస్తుంది. పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. చైను కొలతను బట్టి దాని లావు మారుతుంది. బ్యాటరీ మిషన్ల సన్న చైనుకు సాధారణంగా 4 మిల్లీమీటర్లు, .325 అంగుళాల కొలత చైనుకు 4.8. ప్రతి పంటినీ లోపలి నుంచి బయటికే, దాదాపు 30 డిగ్రీల వాలులో, అన్నింటికీ సమానంగా లెక్కపెట్టి రాయాలి. ఒక వైపు ఎక్కువ రాస్తే కోత వంకర పోతుంది.

చైను బిగుతు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ప్లేటు కింద వేలాడకూడదు, చేత్తో లాగితే జారాలి. వేడి మీద బిగించి అలాగే వదిలేస్తే చల్లారాక ముడుచుకుని ప్లేటును బిగించేస్తుంది. నేను మొదటి ఏడాది చైన్ ఆయిల్‌కి బదులు ట్రాక్టర్‌లోంచి తీసిన పాత ఆయిల్ పోశాను. అందులోని ఇనుప రజను ప్లేటు గాడిని తినేసింది. చైన్ ఆయిల్ వస్తోందో లేదో తెలియాలంటే, ముక్కును మొద్దు మీదికి తాకకుండా పెట్టి మిషన్ తిప్పండి, చెక్క మీద సన్నటి నూనె గీత పడాలి. పనస కోసిన రోజు పాలు పొట్టుతో కలిసి బంకలా పట్టేస్తాయి. ఆ సాయంత్రమే డీజిల్ గుడ్డతో తుడవకపోతే మర్నాటికి ఉలితో గీకాలి.

మరి తుఫాను వేరే లెక్క? అక్కడ పెట్రోల్‌కే ఓటు పడాలి, కరెంటు ఉండదు కదా. కానీ తుఫాను పడగొట్టిన చెట్టే అన్నింటికంటే ప్రమాదం. విల్లులా వంగి ఇరుక్కున్న మానులో ఒకవైపు నొక్కుకుని ఉంటుంది, ఇంకోవైపు సాగి లాగుతూ ఉంటుంది. ముందు నొక్కుకున్న వైపు కొంచెం కోసి, తర్వాత సాగిన వైపుకు రావాలి. తిరగేస్తే ప్లేటు ఇరుక్కోవడమో, మాను చీలి ఎగిరి తన్నడమో జరుగుతుంది. వేళ్ళతో లేచిపోయిన చెట్టును మొదలు దగ్గర కోస్తే, వేళ్ళ గుట్ట ఒక్కసారిగా వెనక్కి గోతిలోకి పడి కూర్చుంటుంది. ఆ గోతిలో ఆడుకునే పిల్లలుంటారు. తీగల మీద పడ్డ చెట్టు జోలికి లైన్‌మన్ వచ్చేదాకా పోనేకూడదు. ఏడాదికి పది రోజులు కోసే నాకూ, మా బావకీ ఆ చూపు ఉండదు. రోజూ కోసేవాడికి ఉంటుంది.

అందుకే మా బావకి చెప్పింది ఇది: 12 అంగుళాల బ్యాటరీ మిషన్, రెండు బ్యాటరీలు, ఒక చేతి రంపం కొనుక్కో. పెద్ద మానులకీ, పడిపోయిన చెట్లకీ మిషన్ ఉన్న మనిషిని పిలువు. ఇచ్చే కూలి దండగ అనుకోకు. వచ్చినవాడు హవాయి చెప్పులతో వస్తే మాత్రం ఇంకొకడిని చూడు. నిలబడి ఉన్న చెట్టయితే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలేమో ముందే అటవీ శాఖ వాళ్ళని అడుగు. రోజూ కోసే పని పెట్టుకున్న రోజు పెట్రోల్‌ది కొందువుగాని.

నా పాత పెట్రోల్ మిషన్ ఊళ్ళో కోత పని చేసే కుర్రాడికి ఇచ్చేశాను. వాడి చేతిలో ఒక్క లాగుకే లేస్తోంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అని రేడియోలో వినగానే నేను రెండు బ్యాటరీలూ నిండా ఛార్జింగ్ పెట్టి, ఆ కుర్రాడికి ఫోన్ చేసి మా తోట వంతు ముందే చెప్పుకుంటాను.