పింక్ టవరు, సిలిండర్లు, మన అక్షరాలు: ఒక వడ్రంగి కొలిచి చూసిన మాంటిస్సోరి సెట్టు

మాది కొత్తపేట పక్కన ఊరండి, కోనసీమ. వడ్రంగం మా నాన్నగారి నుంచి వచ్చిన పని. మా ఆవిడ అంగన్‌వాడీ టీచరు. పాపకి నాలుగేళ్లు నిండాయని ఒక చెక్క మాంటిస్సోరి సెట్టు ఆన్‌లైన్‌లో తెప్పించాం. పిల్లలు వస్తువులు చేత్తో పట్టుకుని సొంతంగా నేర్చుకునే పద్ధతి అది. నాలుగు వేల పైచిలుకు అయ్యింది. కంపెనీ పేరు రాయను. పెట్టెలో పింక్ టవరు, సిలిండర్ల దిమ్మలు నాలుగు, స్పిండిల్ పెట్టె, గరుకు కాగితంతో చేసిన ఇంగ్లీషు ఇసుక అక్షరాలు, లెక్కలు నేర్పే బంగారు రంగు పూసలు, నీళ్లు ఒంపుకునే ప్లాస్టిక్ జగ్గులు ఉన్నాయి. ఏడాది దాటింది. పాప వాడుతోంది, నేను కొలిచి చూశాను, మా ఆవిడ పాఠం చెప్పి చూసింది. కొనబోయేవాళ్లు వీటిని టేపు, మూలమట్టం కొన్నంత జాగ్రత్తగా కొనండి. కొలత తప్పిందంటే ఆ వస్తువుకి పనే లేదు.

ముందు పింక్ టవరు. పది ఘనాలు. చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది, మధ్యవన్నీ సెంటీమీటరు చొప్పున పెరగాలి. పెద్దదాంట్లో చిన్నవి వెయ్యి పడతాయి. రంగు అన్నిటికీ ఒకటే వేసేది పిల్లల ధ్యాస రంగు మీదకి పోకుండా, పెద్దా చిన్నా తేడా మీదే ఉండాలని. నేను వెర్నియర్ పెట్టి కొలిస్తే తొమ్మిది సరిగ్గా ఉన్నాయి, ఏడోది మాత్రం రెండు మిల్లీమీటర్లు తక్కువ. రెండు మిల్లీమీటర్లకి ఏముందిలే అనుకునేరు. ఘనాలన్నిటినీ ఒక మూలకి కలిపి పేర్చే ఆట ఒకటుంది. అలా పేరిస్తే ప్రతి అంతస్తు మీదా సరిగ్గా ఒక సెంటీమీటరు గట్టు మిగులుతుంది. చిన్న ఘనాన్ని ఆ గట్ల మీద మెట్టు మెట్టుకీ పెట్టుకుంటూ పైకి ఎక్కించవచ్చు, ఎక్కడ పెట్టినా అంచుకి అంచు కలిసిపోతుంది. మా సెట్టులో ఎనిమిదో దాని మీద గట్టు ఎక్కువైంది, ఏడో దాని మీద తక్కువై చిన్న ఘనం బయటికి పొడుచుకొచ్చింది. పాప అక్కడే ఆగి, తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసింది. తప్పు తనదేమో అని వెతుక్కుంటోంది! ఆ ఘనాన్ని ఆ రోజే తీసేసి టేకు ముక్కతో కొత్తది చేసి రంగు వేశాను.

బరువు సంగతి కూడా చూసుకోండి. పది సెంటీమీటర్ల ఘనాన్ని గట్టి రబ్బరుకర్రతో చేస్తే ఆరువందల గ్రాముల చుట్టుపక్కల తూగాలి. మాకొచ్చింది పల్చటి పలకలు అతికించిన డొల్ల పెట్టె, సగం కూడా తూగలేదు. పెద్దది ఎత్తేటప్పుడు రెండు చేతులూ కావాలి, చిన్నదానికి రెండు వేళ్లు చాలాలి. కంటికి కనిపించిన తేడా చేతికీ తెలియాలనే కదా ఇంత కర్ర పెట్టి చేసేది.

సిలిండర్ల దిమ్మలు మాత్రం సెట్టు మొత్తంలో మంచి వస్తువు. ఒక్కో దిమ్మకి పది బొరియలు, పది సిలిండర్లు. ఒకదాంట్లో లావు ఒక్కటే మారుతుంది. ఒకదాంట్లో ఎత్తు ఒక్కటే మారుతుంది. ఒకదాంట్లో లావూ ఎత్తూ కలిసి తగ్గుతాయి, ఇంకోదాంట్లో లావు తగ్గుతుంటే ఎత్తు పెరుగుతుంది. పిల్ల తప్పు పెడితే చివర ఒకటి మిగులుతుంది, లేకపోతే లోపలికి దిగిపోతుంది, లేదా పైకి లేచి నిలబడుతుంది. పక్కన కూర్చుని తప్పు, ఒప్పు అని పెద్దవాళ్లు చెప్పక్కర్లేదు. పై గుండీలు లేతు మీద బాగా తిప్పారు, మూడు వేళ్లతో పట్టుకుంటే అచ్చం పెన్సిలు పట్టు. మా ఆవిడ ముందు చూసింది ఆ పట్టే.

కానీ మన డెల్టా గాలికి ఇవి సిద్ధమై రాలేదు. కాలవలకి నీళ్లు వదిలి, నాట్లు పడి, శ్రావణం వచ్చేసరికి ఇంట్లో ప్రతి తలుపూ బిగుసుకునేదే, ఇంక ఈ సిలిండర్లెంత? కర్ర నిలువునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. గుండ్రంగా తిప్పిన ముక్క కాస్త కోలగా మారి బొరియలో ఇరుక్కుపోతుంది. పైన నున్నగా వార్నీషు కొట్టి బొరియల లోపల పచ్చి కర్ర వదిలేశారు, తేమ అక్కడి నుంచి ఎక్కింది. వేసవిలో బాగా ఎండాక బొరియలు కొద్దిగా గీకి, లోపలా అడుగునా రెండు పూతలు పట్టించాను. మొన్న వానల్లో ఒక్కటీ బిగియలేదు. కర్ర బీచ్ (విదేశీ గట్టి కర్ర) అని రాశారు, వచ్చింది రబ్బరుకర్ర. పాలు తీసి ముసలివైపోయిన రబ్బరు చెట్ల కర్ర అది, ఈ పనికి నాకు అభ్యంతరం లేదు. కాకపోతే మందు పెట్టకపోతే పురుగూ బూజూ పట్టే కర్ర, ఉన్నదున్నట్టు రాయాల్సింది.

స్పిండిల్ పెట్టెలో సున్నా నుంచి తొమ్మిది దాకా గదులు. గది మీద ఎంత అంకె ఉంటే అన్ని పుల్లలు అందులో వేయాలి. పుల్లలు నలభై ఐదు ఉండాలి. ఒకటి నుంచి తొమ్మిది దాకా కూడితే అంతే. అన్నీ సర్దాక చేతిలో ఏమీ మిగలకూడదు, సున్నా గది ఖాళీగా ఉండాలి. మాకు యాభై పంపారు, పోతే పనికొస్తాయని కాబోలు. ఎక్కువ పుల్లలుంటే పిల్ల తప్పు లెక్కపెట్టినా బయటపడదు. ఐదు తీసి దాచేశాం. బంగారు పూసలు పల్చటి ప్లాస్టిక్, వాటికోసం డబ్బు పెట్టకండి. జగ్గులూ అంతే, ఇంట్లో చెంబూ గ్లాసూ లేవా? గిన్నెలో మినుములు, పక్కన ఒక కొబ్బరి చిప్ప పెడితే పాప గంటసేపు ఒంపుకుంటుంది.

నాకు బాగా కష్టం అనిపించింది అక్షరాల దగ్గర. ఈ పద్ధతి మొదలెట్టిన మరియా మాంటిస్సోరి గారు రోములో 1907లో మొదటి పిల్లల ఇల్లు తెరిచారు. 1939లో మద్రాసు అడయారు వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండి టీచర్లకి శిక్షణ ఇచ్చారు. అంత దగ్గరికి వచ్చిన చదువు, ఇన్నేళ్లకి మా ఇంటికి వచ్చేసరికి ఒక్క తెలుగు అక్షరం లేదు. గరుకు అక్షరం మీద వేలు నడిపి గుర్తుపెట్టుకోవడం మనకి కొత్త కాదు, అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టి దిద్దించేది అదే.

అందుకని పలకలు నేనే కోశాను. సాండ్ పేపరు మరీ గరుకైతే వేలు కందుతుంది, పిల్లలు దూరంగా పెడతారు, సన్నది తీసుకోండి. అచ్చులకి నీలం పలక, హల్లులకి గులాబి పలక. ప్రతి అక్షరం ఎక్కడ మొదలెట్టాలో మా ఆవిడ చుక్క పెట్టి చూపించింది. ఆవిడ చెప్పే పద్ధతి మూడు మెట్లు: “ఇది గ”, తర్వాత “గ ఏదీ, చూపించమ్మా”, ఆఖర్న “ఇదేంటి?” రెండో మెట్టు దగ్గరే చాలా రోజులు ఆడిస్తుంది, తొందరపడి మూడోదానికి పోదు.

మాటలు పేర్చే విడి అక్షరాల దగ్గర ఇంగ్లీషు పద్ధతి మనకి కుదరదు. వాళ్లకి పక్కపక్కన పెడితే మాట అయిపోతుంది. మనకి గుడి పైన, కొమ్ము పక్కన, ఒత్తు కింద. “ఏవండీ, తలకట్టు తీసి కోయండి” అంది మా ఆవిడ. క తలకట్టు లేకుండా కోసి, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము విడి ముక్కలుగా చేశాను. జ, ట, బ, ల లాంటివాటికి తలకట్టే ఉండదు కాబట్టి వాటిని అలాగే ఉంచాం. య గుణింతం మిగతావాటిలా అతకదు, దానికి వేరే పలకలు చేశాం. పాప మొదట కట్టిన మాట “కాకి”. రెండు క ముక్కలు తీసి ఒకదానికి దీర్ఘం, ఒకదానికి గుడి పెట్టింది. ఒత్తులు ఇంకా చేస్తున్నాను, పలక కింద గాడి పెట్టి జరిపేలా ఉండాలని చూస్తున్నా.

ఎవరైనా సెట్టు మొత్తం కొనాలా అని అడిగితే వద్దంటాను. సిలిండర్ల దిమ్మలు, పింక్ టవరు విడిగా దొరికితే అవి కొనండి. మిగతావి మీ ఊరి వడ్రంగి గారికి కొలతలిచ్చి చేయించుకోండి. పార్సిలు రాగానే వెనక్కి పంపే గడువు దాటకముందే ఘనాలు టేపుతో కొలవండి, పెద్దది తూకం వేయండి, పుల్లలు లెక్కపెట్టండి, సిలిండరు బొరియలో వేలు పెట్టి పూత ఉందో లేదో తడిమి చూడండి.