‘బెంగెట్టుకోకు’ని స్పానిష్‌లో నేర్పే జేబు పుస్తకం: పెన్ను పక్కన పెట్టుకుని కొనండి

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ వైపు పుస్తకాల షాపుల్లో దొరుకుతున్న ఈ చిన్న పుస్తకం ఓడ ఉద్యోగాలకి వెళ్లే కుర్రాళ్లకీ, కాల్ సెంటర్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లకీ వేసినది. ఏడుస్తున్నవాళ్లని, కంగారుపడుతున్నవాళ్లని స్పానిష్‌లో ఊరుకోబెట్టడమే దీని పని. మాటలు చాలావరకు బాగానే ఏరారు. తెలుగు లిపిలో ఉచ్చారణ రాసిన చోటా, ఏ మాట ఎక్కడ అనాలో చెప్పిన చోటా పుట్టి ముంచారు.

‘కంగారుపడకు’ అనే మాటని ‘ట్రాంకీలో’ అని అచ్చేశారు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి తెలుగులో దించినట్టుంది. స్పానిష్ ‘టీ’ అక్షరం మన ‘త’యే, నాలుక పళ్లకి తగలాలి. కాబట్టి ‘త్రాంకీలో’. ‘డీ’ అంటే ‘ద’, మాట మధ్యలో అయితే ఇంకా మెత్తగా. ఇంగ్లిష్ వాళ్లు తంటాలుపడే ఈ శబ్దాలు మనకి ఉగ్గుపాలతోనే వచ్చాయి, వాటిని ‘ట’, ‘డ’ చేసి పాడుచెయ్యడం ఏటో! ఇంకో సంగతి: ‘త్రాంకీలో’ మగవాళ్లతోనే. ఆడమనిషిని ఊరడించాలంటే ‘త్రాంకీలా’. చూడాల్సింది వినేవాళ్లెవరనే, మాట్లాడేవాళ్లెవరని కాదు. ఆ రెండో రూపం పుస్తకంలో లేదు.

‘నో తే ప్రేఓకూపెస్’ అంటే అచ్చంగా మన ‘బెంగెట్టుకోకు’. కానీ ఇది ‘నువ్వు’ వరస. పెద్దవాళ్లతో, ఫోన్లో కస్టమర్‌తో ‘నో సె ప్రేఓకూపె’ అనాలి. చివరి ‘స్’ పోయి, ‘తే’ స్థానంలో ‘సె’ వస్తుంది, అంతే తేడా. ఓదార్పు మాటల్లో మొట్టమొదట ‘కాల్మతె’ పెట్టారు. అర్థం ‘శాంతించు’ అనే గానీ, కోపంగా ఉన్నవాళ్లతో అంటే ‘ఎందుకలా అరుస్తావు’ అన్నట్టు తగిలి మంట పెరుగుతుంది. దాన్ని కొట్టేసి ‘ఎస్తోయ్ అకీ కొంతీగో’, ‘నీతో ఇక్కడే ఉన్నాను’, అని రాసుకోండి.

అసలు పెద్ద తప్పు చావు పేజీలో ఉంది. ‘నో పాసా నాదా’ అక్కడ ఇచ్చారు. కాఫీ ఒలికితేనో, బస్సు తప్పితేనో అనే ‘ఏం పర్లేదులే’ అది. తండ్రి పోయినవాడితో అలా అంటారా? అక్కడ ‘లో సియెంతో ముచో’ చాలు. ‘లో సియెంతో’కి ‘క్షమించండి’ అని ఒక్క అర్థమే రాసి సరిపెట్టారు గానీ, నీ బాధకి నాకూ బాధగా ఉందని చెప్పేది కూడా అదే మాట. కాస్త మర్యాదగా అయితే ‘మి మాస్ సెంతీదో పేసమె’.

పిల్లల పేజీ ముచ్చటగా ఉంది. దెబ్బ తగిలిన చోట నిమురుతూ ‘సానా, సానా, కొలీతా దె రానా’ అంటారట, మనం ‘ఉఫ్’ అని ఊదినట్టు. ‘కప్ప తోకా, మానిపో’ అని అర్థం. కప్పకి తోకేటని అడక్కండి, ప్రాస కోసం వచ్చిందది.

కుట్టు లేదు, రెండు పిన్నులే. నడిమి కాగితాలు తొందరగా ఊడొస్తాయి. వెనక ఖాళీగా వదిలిన పేజీల్లో ‘మీరు’ రూపాలన్నీ ఎక్కించుకుంటే ఫోన్లో మాట్లాడేవాళ్లకి పనికొస్తుంది.